పుట్టానట

మొదటి రోజు రికార్డర్ మీది మంచు తుడిచి
జాబితాలోకెల్లా తేలికైన ప్రశ్న అడిగాను:
ఎప్పుడు పుట్టారు?

"దుంపలు తవ్వే నెలలో పుట్టానట," అంది నికొలాసా కావానా,
రాత్రి చలికి గడ్డకట్టిన ఆలుగడ్డల్ని
ఉత్తికాళ్ళతో తొక్కి నీళ్ళు పిండుతూ.
పుస్తకం అంచున పెన్సిల్‌తో రాసుకున్నాను: పొరపాటా?

తొక్కడం ఆపింది.
"నీ పుట్టుక నువ్వు చూశావా ఏంటి?"

కెచువాలో మాట చివర చిన్న తోక, మి.
కళ్ళారా చూసినవాళ్ళది.
ఇంకోటి సి. చెవిన పడ్డవాళ్ళది.
వాన కురుస్తోందని చెప్పాలన్నా
ముందు నువ్వు తడిశావో లేదో తేల్చుకోవాలి.
నిద్రలో గురక పెట్టానట.
పెళ్ళిలో తాగి మరిది భుజం కొరికానట.
తన సంగతి తనే, పక్కింటావిడ సంగతిలా.

మా అమ్మ కుస్కో వచ్చాక ఈ భాషని మింగేసింది,
బళ్ళో నన్ను వెక్కిరిస్తారని.
అయినా ఆమె స్పానిష్‌లో ప్రతి కబురు చివరా
ఒక "దీసే" వేలాడేది. అంటున్నారు, అని.
ఎవరో మాత్రం చెప్పదు.
నా వ్యాసాల్లో దాన్ని పంతులు ఎర్రసిరాతో కొట్టేసేవాడు: అనవసరం.
మాట ఇల్లు మారింది గానీ
పొయ్యిరాళ్ళు మోసుకొచ్చుకుందని
ఆయనకెవరు చెబుతారు?

నికొలాసా మనవడు విల్బెర్‌కి కెచువా రాదు.
ఊర్కోస్‌లో మోటోటాక్సీ తోలుతూ, హారన్ల మధ్య:
"తాత గనిలో పోయాడు, దీసే."

గనిలో కొండ కూలిందట. చనిపోయాడట.
ముప్ఫై ఏడేళ్ళుగా ఆమె
ఆ ఒక్క అక్షరాన్ని గడప దగ్గర రాయిలా పెట్టి ఉంచింది,
తలుపు మూసుకుపోకుండా.

నలభై ఒకటో టేపు, పన్నెండో నిమిషం.
దుంపలు ఎండాయి, సంచుల మూతులు కుడుతున్నాం.
దారం కొరుకుతూ, మామూలుగా అంది:
"ఆయన చనిపోయాడు."

వెనక్కి తిప్పి విన్నాను. మళ్ళీ విన్నాను.
సరిగ్గా అక్కడే కుక్క మొరిగింది.
ఆ మొరుగు కింద అక్షరం ఉందో,
ఆమే తీసేసిందో.

వెళ్ళి అడుగు, అంది ప్రొఫెసర్.
వెళ్ళాను. మూడు రోజులున్నాను.
సంతలో దుంపల ధర అడిగాను,
కుక్క పేరు అడిగాను.

సిద్ధాంత గ్రంథంలో ఆ వాక్యం చివర
ఒక అక్షరం పట్టేంత చోటు ఉంది.
అచ్చుతప్పు అనుకుంటున్నారట.