పప్పులో రాయి

ఈ దేశంలో కందిపప్పులో రాళ్లుండవు.
రెండు కిలోల సంచీ మూతి కత్తిరించి
నేరుగా కుక్కర్లో పోసేయొచ్చు.
డెర్బీకి వచ్చి పదకొండేళ్లు,
అలా పోస్తూనే ఉన్నాను
ఆ మేలుకి ఎవరికి దండం పెట్టాలో తెలీక.

నవంబరులో బడినుంచి కాగితం వచ్చింది.
మిసెస్ హార్‌గ్రీవ్స్ చేతిరాత గుండ్రంగా, దయగా ఉంటుంది:
"నిశిత తెలివైన పిల్ల.
కానీ తన మనసెప్పుడూ కిటికీలో ఉంటుంది."
పేరు పెట్టిన రోజు మేమనుకున్నది కత్తి అంచు.
మాకొచ్చింది గాలిపటం తోక.

టమాటా ఆకారంలో ఉన్న టైమర్ కొన్నాం.
ఇరవై నిమిషాలకి తిప్పి ముందు పెడితే
పిల్ల లెక్కని చూడదు, టమాటాని చూస్తుంది.
"అమ్మా, దీని లోపల ఎవరు నడుస్తున్నారు?"

వాళ్ల నాన్నకి రైలు సిగ్నళ్ల గదిలో ఉద్యోగం.
పన్నెండు గంటలు తెరమీది ఎర్రగీతల్ని
రెప్పవాల్చకుండా కాపలా కాసి
ఇంటికొచ్చి బూట్లు విప్పుతూనే
"దృష్టి పెట్టు, దృష్టి పెట్టు" అంటాడు.
"ఎక్కడ పెట్టాలి నాన్నా?
అదేమైనా గ్లాసా, బల్లమీద పెట్టడానికి?"

నేనేం తక్కువ తిన్లేదు.
ఏడో ఎక్కం ముందేసుకుని కూర్చుంటే
పిల్ల చూపు పక్కింటి గోడమీది పిల్లి మీద,
నా చూపు పిల్ల చూపు మీద.
ఏడెనిమిదులు మాత్రం
మధ్యలో దిక్కులేకుండా నిలబడి ఉండేది.

శనివారం. వాన.
ఎందుకు గుర్తొచ్చిందో దొడ్డమ్మ చేట గుర్తొచ్చింది.
బియ్యం ఏరుతూ ఆవిడ
వీధి వీధంతా దులిపేసేది కబుర్లతో.
ఎవరింట్లో గొడవ, ఎవరి గేదె ఈనింది, అన్నీ.
నోరు ఆగేది కాదు.
వేలు మాత్రం రాయి దగ్గర ఆగేది.

గొడుగేసుకుని పెరట్లోకి వెళ్లాను.
కంకర దారిలో వంగి,
కందిబద్దంత రాళ్లు, కందిబద్ద రంగు రాళ్లు
ఏరి, కడిగి, రేడియేటరు మీద ఆరబెట్టి
రెండు గ్లాసుల పప్పులో కలిపాను.
మా అమ్మ చూస్తే నన్నేమనేదో!

"ఇందులో రాళ్లున్నాయి, తీసిపెట్టు" అని
స్టీలు పళ్లెం ఇచ్చాను, అంతే.
నాలుగు రాళ్లు గబగబా దొరికాయి.
అయిదోదానికి లేచి నీళ్లు తాగింది.
ఆరోదానికి పప్పు ఏ చెట్టుకి కాస్తుందని అడిగింది.
ఏడోదానికి పిల్లి వచ్చి గోడెక్కింది,
ఒకసారి చూసి తల దించేసుకుంది.

తర్వాత ఏ మాటా లేదు.
నాలిక కొస పైపెదవికి ఆనింది.
చూపుడువేలు పప్పుని పాయలు పాయలుగా జరుపుతోంది,
నిద్రపోయే పాపాయి జుట్టు దువ్వినట్టు.
వాన ఆగిన సంగతి తనకి తెలీదు.
నేను పొయ్యి దగ్గర గరిటె చప్పుడవకుండా నిలబడ్డాను.
టమాటా అరలోనే ఉంది,
తిప్పేవాళ్లు లేక.

"ఇరవై! మొత్తం ఎన్ని కలిపావు?"
"ఇరవై... ఇరవై ఒకటేమో.
మధ్యలో గ్యాస్ వాళ్ల ఫోనొచ్చింది."
అచ్చం మిసెస్ హార్‌గ్రీవ్స్ లాగే
దయగా చూసింది నన్ను.
"నీ మనసు కిటికీలో ఉంటుందమ్మా."
కాదనడానికేం ఉంది?
కలిపిందాన్ని నేను. పప్పులో కాలేసిందీ నేనే.

రాత్రి పాలకూర పప్పు.
ఇరవై ఒకటో రాయి ఉండొచ్చని
ముగ్గురికీ తెలుసు.
టీవీ పెట్టలేదెవరూ.
ఆయన ఫోను బోర్లా పడి ఉంది.
మెల్లగా నమిలాం, ప్రతి ముద్దా
చీకట్లో మెట్లు దిగినట్టు.
"వెల్లుల్లి వేశావా?" అన్నాడాయన,
ఎప్పుడూ వేసేదాన్నే.
"ఇంగువ కూడా" అంది నిశిత కళ్లు మూసుకుని.

రాయి ఎవరికీ తగల్లేదు.
ఉందో లేదో ఇప్పటికీ తెలీదు.

రేడియేటరు మీద ఇంకో గుప్పెడు ఆరుతున్నాయి.
ఈసారి లెక్క
అరచేతిలో రాసుకున్నాను.