కేళీ

ఈమని దాటాక కాలువ కట్ట మీద
బండికి స్టాండు వేస్తే నిలవడం లేదు,
నేల ఇంకా మెత్తగానే ఉంది.
ఆదివారం. ఏడుంబావు.
జొన్నచేను మీద ఆకాశం కదులుతోంది.

ఆకాశం కాదు, గులాబి గోరింకలు.
గుప్పెట విప్పినట్టు లేచి
అదే గుప్పెట మూసినట్టు వాలతాయి.
కంకి వంగుతుంది. రెండోది వాలితే ఇంకాస్త.
ఎనిమిది వందలని రాశాను పుస్తకంలో,
కొట్టేసి పన్నెండు వందలన్నాను,
అదీ కొట్టేశాను.
లెక్కపెట్టేవాడితో మంద ఎప్పుడూ నిజం చెప్పదు.

గట్టు మీద చద్దిడబ్బా విప్పుతూ రూతమ్మ
నా మెడలోని బైనాక్యులర్‌ని
పశువుల డాక్టరు గొట్టాన్ని చూసినట్టు చూసింది.
"ఏం దొరుకుద్దయ్యా అందులో?"
"ఇన్నిట్లో తేడాగా ఉన్నది ఒకటి."
"అంతేగా" అంది
మాగాయ ముక్క చప్పరిస్తూ.

ఆమె పని అదే.
పదిహేడేళ్లుగా విత్తనపు చేలల్లో కేళీలు ఏరడం.
పక్క మడిలో మొక్కజొన్న ఇవాళ,
మొన్నటిదాకా వరి.
వెయ్యి మొక్కల్లో ఒక్కటి
జానెడు పొడుగెదిగినా
ఈనె రంగు మారినా
తోటివాటికంటే వారం ముందు పొట్టకొచ్చినా
వేరుతో సహా పైకి.
ఒక్కటి మిగిలిందా,
కంపెనీ వాళ్లు మొత్తం చేనుని
తిండిగింజల కింద తోసేస్తారు.

"అట్టా గుచ్చి గుచ్చి చూడమాక" అంది నాతో.
"దేన్నీ చూడకూడదు.
చూపుని ఆరేసిన చీరలాగా వదిలెయ్యి.
ముల్లు ఏడుందో
చీరే చెప్పుద్ది."

అప్పుడే అవతలి గట్టున ఎవరో కుర్రాడు
సుతిలి బాంబు వెలిగించాడు.
చేను చేనంతా లేచింది.
కాలువ మీది కరెంటు తీగలు
ఒక్కసారిగా కిందికి సాగాయి.
గులాబి నలుపు, గులాబి నలుపు, గులాబి నలుపు,
దండ గుచ్చుతూ గుచ్చుతూ
ఎవరో నిద్రపోయినట్టు.

"మూడో తీగ" అంది రూతమ్మ,
చెయ్యి కడుక్కుంటూ.
"స్తంభం కాణ్ణుంచి పదకొండోది."

నా చేతులు వణికాయి, ముందు తొమ్మిది దొరికింది,
తర్వాత పదమూడు.
ఆ తర్వాత అది.
గులాబి లేదు ఎక్కడా.
నల్లటి ఒంటి మీద
తెల్లనువ్వులు చల్లి
ఎవరో చెయ్యి దులుపుకున్నట్టు చుక్కలు.
ఎండ పడితే మెడ దగ్గర కాస్త ఆకుపచ్చ.
చుక్కల గోరింక.
ఏ మంచుదేశంలో ఏ మంద తప్పి ఏ మందలో కలిసిందో,
ఇరవై రెండేళ్లుగా ఈ గట్లు తిరుగుతూ
బొమ్మల్లో తప్ప చూడలేదు దాన్ని.
పక్కనున్న పిట్ట
రెండంగుళాలు జరిగి చోటిచ్చింది దానికి.
అంతకు మించి ఏమీ పట్టించుకోలేదు.

"కేళీయేనా?"
"కేళీయే."
"మరి పీకెయ్యవా?" అని నవ్వింది.
నాకూ నవ్వొచ్చింది, మధ్యలో ఆగిపోయింది.

"నేనొకసారి వదిలేశా" అంది, కొంగుకి చెయ్యి తుడుచుకుంటూ.
"విత్తనపు జొన్నలో ఎర్ర కంకి.
ముద్దగా, దానిమ్మ పండల్లే ఉంది.
వంగాను గానీ చెయ్యి రాలేదు."
"ఆ తర్వాత?"
"ఆఫీసరు చూశాడు. మూడ్రోజుల కూలి కోశారు.
ఆయన ఎదురుగానే
నేనే పీకా."

ఇంకో బాంబు.
తీగ మీద ఖాళీ ఊగుతోంది.

పుస్తకంలో, సంఖ్య దగ్గర ఒకటి అని వేశాను.
చూసినవారు అన్న గడిలో
అలవాటు కొద్దీ నా పేరు మొదలుపెట్టి
కొట్టేసి రూతమ్మ అని రాశాను.
ఇంటిపేరు అడగడం మర్చిపోయాను.

మంద తిరిగొచ్చింది.
అరగంట వెతికాను, చీర ఆరేసినట్టూ వెతికాను,
కనపడలేదు.
మొక్కజొన్న సాళ్లలో నడుము వంచిన ఆమె
తలెత్తకుండానే కేకేసింది:
"నీ ఎడం పక్కయ్యా! ఇంకా ఎడం పక్క!"