ఒక పూట పులుసు

కావలి ట్రంకు రోడ్డులో మా జిరాక్సు కొట్టుకి
మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చాక
తడి చొక్కాతో వచ్చాడు మస్తానయ్య.
ఫోను నా ముందుకు జరిపి
"మేత కంపెనీవోళ్లు పెట్టుండారు, చదువుమ్మా" అన్నాడు.
ఉత్త బయోడేటా చాలదంట.
ఏం సాధించారో అంకెల్లో రాయాలంట.

పదేళ్లుగా ఈ కీబోర్డు మీద నేను కొట్టింది
కష్టపడే స్వభావం, నిజాయితీ, నలుగురితో కలిసిపోవడం.
ఊరంతటికీ అవే మూడు.
పేరు మార్చి, ఫోటో మార్చి, పది రూపాయలు.
వాటిని చెరిపేసి అడిగాను,
"చెప్పన్నా, ఎన్ని గుంటలు?"

"ఆరు. జువ్వలదిన్నె అవతల."
"కౌంటు?"
"పోయిన పంట ముప్పై రెండు. అంతకు ముందు నలభై.
దానికి ముందుది అడగబాక."
"బతికింది?"
"నూటికి ఎనభై ఒకటి."
"మేత?"
"కిలో రొయ్యకి కిలోంబావు. ఒకోసారి ఇంకాస్త."
టకటకా కొడుతున్నాను. కాగితం నిండుతోంది.
నాకూ హుషారుగానే ఉంది.
అన్న ముఖం మాత్రం
పక్కింటోళ్ల పెళ్లిపత్రిక చదువుతున్నట్టుంది.

"ఇంకేమన్నా ఉందా? అన్నిట్లోకీ పెద్దది?"

చాలాసేపు ఫ్యాను వంక చూశాడు.
"మొన్న కార్తీకంలో ఒక రాత్రి
ఏరేటర్ల చప్పుడు ఆగింది.
తిరిగేటప్పుడు ఆ చప్పుడు నాకు నిద్రలో వినపడదు.
ఆగితే వినపడతది.
లేచేసరికి మూడు. జనరేటరు అందుకోలా.
నీళ్ల మీద మీసాలు తేలతా ఉండాయి, గుంట గుంటంతా.
సన్న తుంపర పడతన్నట్టు చప్పుడు.
సంచులు పళ్లతో చించి ఆక్సిజన్ మందు చల్లినా.
రొమ్ము లోతుకి దిగి చేతుల్తో నీళ్లు బాదినా,
పిచ్చోడు ఈత నేర్చుకుంటన్నట్టు.
మా పోలయ్య మామ తిట్టిన తిట్లకి
సిగ్గుపడి లేచింది జనరేటరు.
తెల్లారి ఓనరు కార్లో వచ్చి, గట్టు మీద నిలబడి
'ఏం జరగలేదు గదా' అన్నాడు.
'ఏం జరగలేదు సార్' అన్నా."

కర్సరు కొట్టుకుంటూ ఉంది.
రాని నష్టానికి రసీదు ఎవరిస్తారు?
తొమ్మిది లక్షల రొయ్యలు అని కొట్టి చెరిపాను.
ఇరవై నిమిషాలు అని కొట్టి
అదీ చెరిపాను.
"ఆ రాత్రి ఎన్ని చచ్చినాయన్నా?"
"ఒక్కటి గూడా..." అని ఆగాడు.
"బొచ్చెకి పట్టేన్ని."
"లెక్కబెట్టలా?"
"పొద్దున్నే పులుసు పెట్టుకున్నాం."

కొట్టాను: ఒక రాత్రి. ఆరు గుంటలు.
నష్టం, ఒక పూట పులుసు.
వంగి చదివి, వచ్చినాక మొదటిసారి నవ్వాడు.
"ఇది చూస్తే ఉద్యోగం ఇస్తారంటావా?"

రెండు కాపీలు తీశాను.
ఆ వాక్యంతో ఒకటి, లేకుండా ఒకటి.
లేనిదాన్ని కవర్లో పెట్టుకున్నాడు.
ఉన్నదాన్ని నాలుగు మడతలు వేసి
టిఫిను క్యారేజీ మూత కింద పెట్టుకున్నాడు.
ఏది పంపాడో నేనడగలేదు.

ఆ రాత్రి మా ఇంట్లో
ఫ్రిజ్జు చప్పుడు ఆగితే మెలకువ వచ్చింది.