కొసరు లేని ఆట

హల్ నగరంలో ఆదివారం.
హంబర్ మీంచి వచ్చే గాలికి
తలుపు తట్టే మర్యాద తెలీదు.
నా చేతిలో నారింజ రంగు కర్ర,
కర్రకో గొలుసు,
గొలుసు అటు కొసన
రిటైరైన బస్సు డ్రైవరు ఎర్నెస్ట్ బ్లెంకిన్.
మా ఇద్దరి నడుమ సరిగ్గా పది గజాలు.

గజమంటే నాకు కొత్తా?
చీరాలలో గుడ్డల కొట్లో ఆరేళ్ళు
ఇనప గజంబద్ద పట్టిన చెయ్యి ఇది.
షావుకారు నేర్పిన చదువు ఒక్కటే:
కొలిచాక కత్తెర రెండు వేళ్ళు అవతల పెట్టమ్మా,
కొసరు వెయ్యని కొట్టుకి
రెండోసారి ఎవరొస్తారు?

ఇక్కడ ఆసుపత్రి లాండ్రీలో
దుప్పటి ఆ చివర పట్టుకుని మడతపెడుతూ
డోరీన్ అడిగింది,
"కొత్త టీము పెట్టారు, గొలుసుకి మనిషి కావాలి.
జీతం లేదు. తడుస్తావు కూడా.
ఆటయ్యాక ప్యాటీ, చిప్స్ నా పూచీ."
చిప్స్ మీద ఈ ఊరివాళ్ళు చల్లే ఎర్రపొడి
మన కారప్పొడికి వేలు విడిచిన మేనత్త.
ఒప్పుకున్నాను.

రగ్బీ తప్ప దేవుడు లేని ఊరు.
పబ్బు గుమ్మంలో ఒకాయన పకపకా నవ్వాడు:
"అంత కవచం తొడిగి
ఐదు సెకన్లు పరిగెత్తి
మళ్ళీ మీటింగా?"

మొదటి ఆటకి నాలుగొందల మంది,
సగం ఆటగాళ్ళ చుట్టాలే.
హాంబర్గ్ నలభై ఎనిమిది. మేము సున్న.
కర్ర పీకు, పరిగెత్తు, పాతు,
మళ్ళీ పీకు.
గొలుసు కదిలినప్పుడల్లా
మన గోడవైపే కదిలింది.
శత్రువు ఇంటికి దారి చూపిస్తున్నట్టు
సిగ్గేసింది నాకు.

రాటర్‌డామ్ ఓడలో అందరికీ వాంతులట.
పోలండ్‌లో హెల్మెట్ల పెట్టె
ఓ రోజు ఆలస్యంగా దిగిందట.
ఒహాయో నుంచి తెచ్చుకున్న క్వార్టర్‌బ్యాక్
వెస్లీ ట్రాటర్
వారమంతా బడిలో పిల్లలకి లెక్కలు చెప్పి
ఆదివారం తన లెక్క తప్పేవాడు.

ఏడో వారం ఘెంట్ మీద గెలిచాం.
పదమూడు, పన్నెండు.
పోస్ట్‌మాన్ బాబాటుండే
గాల్లోంచి బంతిని
రిజిస్టర్డ్ కవరులా రెండు చేతుల్తో అందుకున్నాడు,
సంతకం అడగలేదు.
ఆ రాత్రి బ్లెంకిన్ ఏడ్చాడు.
జలుబన్నాడు.

ఆఖరాట. టాంపెరే నుంచి వచ్చినవాళ్ళు.
మూడు పాయింట్లు వెనక,
ఒక నిమిషం, నాలుగో ప్రయత్నం.
ట్రాటర్ గుట్టలోకి దూకాడు.
మనుషుల్ని ఒక్కొక్కర్నీ ఒలిచి తీస్తే
అడుగున బంతి.

కొలవమన్నారు.

మైదానం మధ్యకి గొలుసు మోసుకెళుతుంటే
ఇందాకటిదాకా అరిచిన రెండువేల గొంతులు
గుటక మింగడం వినబడింది.
బ్లెంకిన్ తన కర్ర అదిమిపట్టాడు.
రిఫరీ మోకాళ్ళ మీద వంగాడు.
బంతి ముక్కుకీ నా కర్రకీ మధ్య
పచ్చిక కనిపిస్తోంది.

రెండు వేళ్ళు.

సరిగ్గా రెండు వేళ్ళు.
షావుకారు ఎక్కడున్నాడో గానీ
నా భుజం వెనకే దగ్గాడు.
మణికట్టు కాస్త సడలిస్తే
ఒక్క లంకె కుంగుతుంది,
ఈ వర్షంలో ఎవరికి తెలుస్తుంది?

గొలుసు లాగిపట్టాను.
వీణ తీగలా మోగేంత బిగువుగా
నేనే లాగాను.

తర్వాత ఎవరో లెక్కతీశారు,
సీజనంతా కలిపి మేము ముందుకెళ్ళింది
పదిహేడు వందల గజాలు.
హైదరాబాద్ శివార్లలో అన్ని గజాలుంటే
అపార్ట్‌మెంటు లేపేద్దురు.
మాకు మిగిలింది పట్టికలో అడుగు నుంచి రెండో వరస.

డోరీన్ ఏమీ అనలేదు.
కాగితం పొట్లంలో ప్యాటీలు రెండు వేసింది,
ఎప్పుడూ ఒకటే వేసేది.

ఇంటికొచ్చి గొలుసు తుడిచి,
లంకె లంకెకీ కొబ్బరినూనె పట్టించాను.
ఏప్రిల్ దాకా తుప్పెక్కకూడదు.