పదికి ఎన్ని?

బార్న్స్‌లీ ఆసుపత్రిలో, ఎమర్జెన్సీ గుమ్మం పక్కన
నా కుర్చీ. లోపలికి పోయే ప్రతి ఒక్కర్నీ
నేనడగాల్సిన ప్రశ్న ఒకటుంది:
నొప్పి పదికి ఎన్ని?

మొదటి ఏడాది ఆ మాట అన్నప్పుడల్లా
నా నోట్లోంచి మా నాన్న వినిపించేవాడు.
లెక్కల పేపరు తిరగేసి, కళ్ళజోడు పైకి తోసి,
పదికి ఎన్ని?
తొమ్మిదంటే
ఆ ఒక్కటీ ఎక్కడ పారేసుకున్నావే, అనేవాడు.

బ్రెయిత్‌వెయిట్ అని ఒక ముసలాయన,
ముప్పై ఏళ్ళు బొగ్గు గనిలో దిగి ఎక్కినవాడు,
మెట్లమీద జారి, తుంటి విరిగి వచ్చాడు.
"రెండు, లవ్" అన్నాడు.
"పోనీ రెండున్నర వేసుకో,
నీకూ రాసుకోడానికి ఏదో ఒకటి ఉండాలిగా."
ముఖమ్మీద ఏమీ లేదు. ఉతికి ఆరేసిన గుడ్డ.
దుప్పటి తొలగించి, బాగున్న కాలి వేళ్ళు చూశాను.
ముడుచుకుని, ఒకదాన్నొకటి ఒరుసుకుని,
కరెంటు పోయిన గదిలో పిల్లల్లా ఉన్నాయి.
ఆయన మాట రెండు, అని రాసి
కింద, నాకు కనిపించింది ఎనిమిది, అని రాశాను.

అదే రాత్రి భానుతేజ.
పగలు షెఫీల్డ్‌లో చదువు, రాత్రి ఇక్కడ గోడౌన్లో మూటలు.
పెట్టె పడి బొటనవేలు నలిగింది.
"తొమ్మిదక్కా! కాదు, తొమ్మిదిన్నర."
ఇంతలో ఫోను మోగింది.
"ఆ అమ్మా. ఏం లేదు. తిన్నా. పడుకోబోతున్నా."
అదే వేలు, అదే నిమిషం.
అడిగింది ఎవరు అని రాయడానికి
నా కాగితంలో గడి లేదు.

తెల్లారుజామున వరండాలో ఒక పిల్లాడు బోర్లాపడ్డాడు.
వాళ్ళమ్మ వంగి, "ఎంత ధైర్యమో నా బాబుకి" అంది.
వాడు ఏడుపు మింగాడు.
గొంతులో గోళీలా అది కిందికి దిగడం చూశాను.
నా చెయ్యి దానంతటదే లేచింది.
మా ఇంట్లో అయితే ముందు నేలని కొట్టాలి.
దీన్ని తన్నేశాంలే, ఊరుకో, ఊరుకో.
తప్పు నేలదని తేలాకే పిల్ల నోరు మూసేది.
నాకిప్పుడు నలభై దాటాయి.
ఎక్కడ దెబ్బ తగిలినా ముందు నేల కోసం వెతుకుతాను:
సూపర్‌వైజరు, వాన, మా ఆయన.

అంకెలు నాకు రాక కాదు.
కానీ పన్ను సలుపుతుంది. చెవి పోటు పెడుతుంది.
నడుం కలుక్కుమంటుంది, నరం జివ్వున లాగుతుంది,
కాలిన చోట చురచురమంటుంది.
వీటిలో ఏది ఆరు? ఏది ఏడు?

పోయిన మంగళవారం, డ్యూటీలో పదమూడో గంట,
దుప్పట్ల అలమర దగ్గర కూలబడిపోయాను.
డోరీన్ పరుగెత్తుకొచ్చింది. అడగాల్సిందే అడిగింది.
"రెండు" అన్నాను.
బ్రెయిత్‌వెయిట్ నా గొంతులో
ఎప్పుడు కాపురం పెట్టాడో నాకే తెలీదు.
డోరీన్ నమ్మలేదు. నా బూటు లాగేసి
వేళ్ళకేసి చూసింది, చాలాసేపు.
"సరే, అంకె వద్దు. ఎలా ఉందో చెప్పు."

తీపులు, అన్నాను. తెలుగులోనే వచ్చింది.
అంటే?
అంటే, తీపి. స్వీట్. కాళ్ళు... స్వీట్‌గా ఉన్నాయి.

ఆమె ఇంకేమీ అడగలేదు.
నా వేలు గుచ్చి, రక్తంలో చక్కెర చూసింది.
ఐదు పాయింట్ రెండు.
"బానే ఉందే మరి" అంది, మిషన్ని అనుమానిస్తూ.
అయినా జేబులోంచి ఒక బిస్కట్ తీసి
సగం విరిచి నా చేతిలో పెట్టింది.