వీపులు

పదకొండేళ్ళుగా నాకు నీవెస్ వీపు తెలుసు.
ఎడమ భుజం కింద చేపపిల్లంత మచ్చ,
అలసిపోతే కుడికి ఒరిగే నడుము,
ఎత్తు రాబోతోందంటే
రోడ్డు కంటే ముందే చెప్పే మెడ.

శనివారం ఐదున్నర.
ఇంకా తలుపు తీయని బేకరీ ముందు
ఏడు సైకిళ్ళు, ఎనిమిది మందిమి.
లోరిస్‌కి నడుం పట్టేసిందట,
రాలేనని చెప్పడానికే ఇంత పొద్దున్నే లేచి వచ్చాడు.
అందరి టైర్లూ ఓసారి నొక్కి చూసి
ఏదో బాలేదన్నట్టు తల ఊపి
చేతులు జేబుల్లో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మొక్కజొన్న చేల మధ్య
నీళ్ళు చిమ్మే పెద్ద గొట్టం తిరిగి తిరిగి
రోడ్డు మీదకి కూడా ఓ వాన విసురుతోంది.
"ఇప్పుడు!" అని ఎజీదియో కేక.
డెబ్బయ్యొకటేళ్ళ గొంతు,
నలభై ఏళ్ళు రైళ్ళను పంపించిన గొంతు.
అయినా ఎవరమూ తప్పించుకోలేదు,
తప్పించుకోవాలని ఎవరికీ లేదు కూడా.

తాల్యమెంతో దగ్గర నది కంటే రాళ్ళే ఎక్కువ.
తెల్లటి రాళ్ళలో నీళ్ళు ఎక్కడో
దారి అడుక్కుంటూ పోతున్నాయి.
వంతెన దాటాక కొండ.
నేనెప్పుడూ తోకనే.
తోకకీ ఓ ఉద్యోగం ఉంది:
ముందువాళ్ళు జారవిడిచినవి ఏరుకురావడం.
ఈ వేసవిలో ఇప్పటికి రెండు సీసాలు, ఒక చేతితొడుగు,
మళ్ళీ ఎవరూ అడగని సగం బిస్కెట్టు.

వారమంతా సుద్ద దవడల ముందు కూర్చుంటాను.
పళ్ళ సెట్లు చేస్తాను,
ఎవరెవరివో నోళ్ళు, వాటికి ముఖాలు ఉండవు.
శని, ఆదివారాలు వీపులు.
ఒకళ్ళు గాలికి అడ్డం పడితే
వెనకవాళ్ళకి దారి మెత్తబడుతుంది.
ఈ లెక్కలో
నేను నీవెస్‌కి ఎంత బాకీయో
ఏ మీటరూ చూపించదు.

సాయంత్రం ఎజీదియో పెరట్లో
ద్రాక్ష తీగల మీద మా చొక్కాలు,
చెమట ఎండి ఉప్పు చారలు కట్టి.
పెనం మీద ఫ్రీకో,
బంగాళాదుంపా చీజూ కలిసి అంచులు మాడేదాకా.
ఒకే రోడ్డు రెనాటాకి తొంభై రెండు కిలోమీటర్లు,
ఆమె మొగుడికి తొంభై నాలుగు.
"ఆ రెండూ ఎక్కడ తిరిగొచ్చావ్?" అందావిడ.
వైన్ పొలమారేదాకా నవ్వాం.

అప్పుడు నా ఎదురుగా వచ్చి కూర్చుంది నీవెస్.
హెల్మెట్ లేదు, నల్ల కళ్ళద్దాలు లేవు.
ఒక్క క్షణం ఈవిడెవరా అనుకున్నాను.
ఆకుపచ్చ కళ్ళు.
పైవరసలో రెండో పన్ను కొస విరిగింది,
అది మాత్రం వెంటనే చూశాను.
ఏం మాట్లాడాలో తోచలేదు.
రొట్టె తెచ్చే నెపంతో లేచి
ఆమె వెనక్కి వెళ్ళి
భుజం మీద చెయ్యేశాను.
అక్కణ్ణుంచి మాటలు వాటంతటవే వచ్చాయి:
వాళ్ళమ్మ మోకాలు, అమ్మేసిన స్కూటరు,
ఫిబ్రవరిలో ఆమె
ఎవరికీ చెప్పకుండా ఏడ్చిన వారం.

ఆదివారం ఐదుగురమే.
పదింటికల్లా ఎదురుగాలి.
ముగ్గురు బలాదూరుగా ముందుకెళ్ళిపోయారు.
మేమిద్దరం, ఒక తిన్నటి రోడ్డు,
తలలు వాల్చిన పొద్దుతిరుగుళ్ళు.
నడుము కుడికి ఒరిగింది.
ఇంకాసేపటికి మోచెయ్యి చిన్నగా ఆడించింది,
ముందుకు రా అని.
ఎవర్ని పిలుస్తోందా అని వెనక్కి తిరిగి చూశాను.
దూరంగా ఓ ట్రాక్టరు. అంతే.

వెళ్ళాను.
గాలి ముఖాన తలుపేసినట్టు కొట్టింది.
ఇన్నేళ్ళూ ఆమె దీన్నా నాకు వినపడనీకుండా చేసింది?
తొడలు కొయ్యబారాయి.
కళ్ళల్లోంచి నీళ్ళు చెవుల్లోకి పోయాయి.
వెనక ఆమె ఊపిరి
మొదట చిరిగినట్టు,
తర్వాత కుట్టుకున్నట్టు.
మూడు కిలోమీటర్లో, నాలుగో,
రెనాటా మొగుణ్ణి అడిగితే ఆరంటాడు.

కాఫీ కొట్టు దగ్గర లోరిస్ కారులో వచ్చి ఉన్నాడు,
వంగలేక వంగి టైర్లు నొక్కుతున్నాడు.
ఊపిరందాక నీవెస్‌ని అడిగాను,
నా వీపు ఎలా ఉందని.
"జేబు చినిగిపోయింది," అంది.
"అరటిపండు బయటికి చూస్తోంది.
ఎన్నాళ్ళ నుంచి అలా ఉంది?"

నాకేం తెలుసు?
నా వెనక ఎప్పుడూ ఎవరూ లేరుగా.