మధ్యల సున్న

సిరొంచ తహసీల్ ఆఫీసు ముంగట
నా రేకు కుర్చీ, నా కార్బన్ కాయితాలు.
తెలుగుల ఏడ్చినోళ్ల గోసను
మరాఠీల సదిరి రాసుడు
ముప్పై ఏండ్ల సంది నా పని.

ఎండకాలం మొదట్ల రాపెల్లి ఓదక్క వచ్చింది.
వేళ్ల సందుల తునికాకు పసరు.
డెబ్బై ఆకులు గడితే ఒక పుడా;
కల్లంల మున్షి లెక్కవెడితే
డెబ్బైల నాలుగు ఎప్పుడూ చినిగినయే.
"నిరుటి కూలే ఇంక రాలె, రాయి" అన్నది.

రాసిన: మజురీ.
మా దిక్కు మజురీ అంటే కూలి.
నెత్తి మీద చుక్క వెడితే మంజురీ,
పైవాళ్లు ఒప్పుకున్నట్టు.
తెలుగులకొస్తే ఆ చుక్క చుక్క గాదు,
మాట నడుమ కూసున్న సున్న.

ఈసారి ఎమ్మెల్యే మనిషి మంచోడే, అబద్ధమాడ.
నాగపూర్ సభల లేచి నిలవడి
కూలి అడిగిండు, దవాఖాన అడిగిండు,
బరాజు ఎనుక నీళ్లల్ల మునిగిన
మిరపచేన్ల లెక్క అడిగిండు.
వచ్చి చౌకుల చెప్పిండు: అన్నీ మంజురీ!
పటాకులు గాల్చినం.
నేను గూడ గాల్చిన.

కడుపుల బిడ్డను చూసే మిషను వచ్చింది.
దాని మీది ప్లాస్టిక్ కవరు ఇంక తియ్యలే.
మిషను చదివే డాక్టరు రాలె.
నొప్పులు వడుకుంట ఓదక్క కోడలు
ప్రాణహిత వంతెన దాటి చెన్నూరు పోయింది.
ఆధార్ తిప్పి చూసి
"మీది మహారాష్ట్ర గదా" అన్నరట.
జవాబు చెప్పేలోపు
ఆటోల్నే పుట్టింది పిల్ల.

మొన్న పొద్దుగూకంగ, బల్ల మూస్తున్న యాళ్ల
ఎమ్మెల్యే ఒక్కడే వచ్చిండు.
ఎనుక జీపు లేదు, మనుషులు లేరు.
"ఏడు ఉత్తరాలు రాసిన అన్నా,
ఒక్కదానికి జవాబు లేదు.
నువ్వు రాస్తే సదువుతరేమో" అన్నడు,
ఇంట్ల మాట్లాడే తెలుగుల.
స్టూలు జరిపిన.
ఆయన చెప్పిండు, నేను రాసిన.
మజురీ కాడ కలం ఆగింది.
"చుక్క వెట్టకు" అన్నడు.
ఇరవై రూపాయలు ఇచ్చిండు, అందరిచ్చినంతే.
వద్దనలే.

నిన్న ఓదక్క బ్యాంకు బుక్కు పట్కొని వచ్చింది.
నవ్వుతున్నదో తిడుతున్నదో తెల్వలె.
పైసలు వడ్డయట.
చూసిన. నిరుటియి గావు,
అంతకు ముందటేడువి.
"నిరుటి దానికి మల్ల రాయి" అన్నది.
రెండు కాయితాల నడుమ
కార్బన్ వెట్టిన.